ఉమ్మెజ్జీన్ రింగు

జూలై 6. నీటి వేడి 29.

ఈ పుస్తకం రీమ్ ఇచ్చింది. పరిశోధన సంస్థలో పనిచేసే పిల్ల, స్ఫాక్స్ పట్నం నుంచి వస్తుంది. రోజూ పొద్దున్నే ఊరి పక్క ఒడ్డుకెళ్లి థర్మామీటరు నీళ్లలో ముంచి, అంకె చూసి ముందు పేజీల్లో గడుల్లో రాయమంది. తేదీ, వేడి, గాలి, చివర ‘ఇతర విషయాలు’ అని ఒక వెడల్పాటి గడి. "అందులో నీకేమనిపిస్తే అది రాయి పిన్నీ" అంది. నాకు అనిపించేవన్నీ రాస్తే ఆ గడి చాలదు. అందుకే పుస్తకం తిరగేసి వెనక నుంచి నాకోసం రాసుకుంటున్నాను. ఐదో క్లాసు దాకా చదివిన చదువు యాభై ఆరేళ్లకు ఇలా పనికొస్తుందనుకోలేదు.

జూలై 7. 29.

సముద్రం బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను.

జూలై 11. 30.

రీమ్ ఇంటికొచ్చింది. వాకిట్లో చాప వేసి రొట్టె, ఆలివ్ నూనె పెట్టాను. పిలవకపోయినా, నాతో గుల్లలు ఏరిన మన్నూబియా కూడా వచ్చింది. మా ఇంట్లో పొయ్యి వెలిగితే దానికి నాలుగు వీధుల అవతలికి తెలుస్తుంది.

"గుల్లలు ఏరే రోజుల్లో ఏది చిన్నదో ఏది పెద్దదో ఎలా తేల్చేవాళ్లు పిన్నీ? స్కేలు ఉండేదా?" అని రీమ్ అడిగింది.

"స్కేలెందుకే, సాల్హా అక్క మెడ ఉండగా" అంది మన్నూబియా. లేచి నిలబడి నాటకం మొదలుపెట్టింది. పాటు నీళ్లు తీసేశాక బురదలో నడుం వంచి నడవడం, గుల్ల లోపల్నుంచి ఊపిరి తీసే రెండు చిల్లులు, మేం కళ్లంటాం, వాటిని వెతకడం, కొడవలి మొనతో పైకి లాగడం. పోటు రాకముందే ముప్పై మందీ వరసలో నిలబడి నా ముందు బుట్టలు కుమ్మరించడం. "ఈవిడ రాణీగారిలా కూర్చునేది. అనుమానమొచ్చిన ప్రతి గుల్లనీ మెడలో ఉన్న రింగులో పెట్టి చూసేది. ఇరుక్కుంటే మాది, జారిపోతే సముద్రానిది. జారినదాన్ని విసిరేయకూడదు. కళ్లు పైకి పెట్టి మళ్లీ బురదలో నాటాలి. మా నాయనమ్మ రోజుల నించీ ఇంతే."

"ఆ రింగు చూపిస్తావా?"

లోపలికి వెళ్లాను. రవ్వ డబ్బా అడుగున గుడ్డలో చుట్టి ఉంది. తెచ్చి ఇచ్చాను. ఒక పక్క నొక్కు పడిన పాత ఇనుప రింగు. రీమ్ కొలిచింది. ముప్పై ఐదు మిల్లీమీటర్లు.

"చట్టంలో ఉన్నదీ ఇదే. ఇంత పెరిగిన గుల్ల కనీసం ఒక్కసారైనా గుడ్లు పెట్టి ఉంటుంది. మీ నాయనమ్మలకి ఎవరు చెప్పారో" అని ముచ్చటపడిపోయింది. "చివరి దాకా ఇదేనా పిన్నీ?"

"ఇది ఉమ్మెజ్జీన్ పెద్దమ్మ రింగు. నాకు ముందు కొలిచింది ఆవిడే. పోయే ముందు తన చేత్తో నా మెడలో వేసింది" అన్నాను.

మన్నూబియా రొట్టె నములుతూ కూర్చుంది.

జూలై 12. 30.

నేను అబద్ధం చెప్పలేదు. అది ఉమ్మెజ్జీన్ రింగే.

జూలై 13. 30.

‘చివరి దాకా ఇదేనా’ అంటే ఔనని నేను అనలేదు కదా.

జూలై 19. 32.

ఐదు రోజులుగా దక్షిణపు గాలి. పొద్దున ఏడింటికే నీళ్లు చాయ్ కోసం పెట్టినట్టున్నాయి. మోకాలి లోతు దాకా వెళ్లినా చల్లదనం లేదు. మిగిలిన నాలుగు గుల్లలు బురద మీదికొచ్చి నోళ్లు తెరుచుకుని పడున్నాయి. వాటిని తినడానికి నీలం పీతలు. ఈ పీతలు మా చిన్నప్పుడు ఈ తీరంలో లేవు, ఇప్పుడు కాలు పెట్టే చోటు లేదు. వేడి నీళ్లంటే వాటికి పండగట.

చూస్తూనే ఉన్నానుగా. సముద్రమే చంపింది. నేనేం చేశానని?

చేసింది ఇదీ. ఎలాగూ ఎవరూ చదవరు.

మూడేళ్ల కిందట ఇలాంటి ఎండాకాలమే వచ్చింది. అక్టోబరులో ఏరడం మొదలుపెడితే గుల్లలు ఎదగనే లేదు. బుట్టలో నూరుంటే ఎనభై రింగులోంచి జారిపోతున్నాయి. నాలుగు గంటలు బురదలో వంగిన ఆడదాని ముందు కూర్చుని, ఆమె ఏరినవన్నీ మళ్లీ నాటేస్తుంటే ఆ చూపులు తట్టుకోవడం ఎవరి తరం? పైగా ట్రక్కు నడిపే హమ్మాదీ ఒకటే గొణుగుడు. "ఈ పిడికెడు సరుక్కి డీజిల్ కూడా రాదు సాల్హా, వచ్చే వారం నుంచి నేను రాను" అన్నాడు. ట్రక్కు రాకపోతే గుల్లల తీరానికి ఏడు కిలోమీటర్లు ఎవరు నడుస్తారు? ముప్పై ఇళ్లు పస్తులుంటాయి.

గాబెస్ పట్నం బజారులో కమ్మరి దగ్గరికి వెళ్లాను. ఇలాంటిదే, కాస్త చిన్నది చెయ్యమన్నాను. "ఎంత చిన్నది?" అన్నాడు. చిటికెన వేలి మందం చూపించాను, అంత తగ్గించమని. ఆ ఒక్క ఏటి కోసమే అనుకున్నాను. మరుసటి ఏడు కూడా అదే మెడలో వేసుకున్నాను.

ఆ తర్వాతి ఏడు ఏరడానికి ఏమీ లేదు. సర్కారు తీరం మూసేసింది. అందరూ సముద్రాన్ని తిట్టారు. నేనూ తిట్టాను, అందరికన్నా గట్టిగా.

జూలై 20. 32.

సముద్రమే.

ఆగస్టు 4. 31.

బస్టాండు దగ్గర జాజియా కనిపించింది. పీతల ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉంది. రెండు చేతులకూ గుడ్డ పట్టీలు. ఆ పీతల ముళ్లు రబ్బరు తొడుగుల్ని కూడా చీల్చేస్తాయట. నేను రొట్టెలు కొనేవాడి వెనక్కి తప్పుకున్నాను. ఈ వయసులో దొంగలా గోడకి అతుక్కుని నిలబడ్డాను.

పద్నాలుగేళ్ల వయసులో ఇద్దరం ఒకే రోజు బురదలో దిగాం. దాదాపు నలభై ఏళ్లు పక్కపక్కనే వంగి నడిచాం. నా పెళ్లికి చేతులకి గోరింటాకు పెట్టింది అది. నా మొగుడు పోయిన రోజు నా నోట్లో ముద్ద పెట్టిందీ అదే.

ముప్పై మందిలో నోరు విప్పింది అది ఒక్కతే. కొత్త రింగు వేసుకున్న మూడో రోజు, నేను ఉంచేసిన కుప్పలోంచి ఒక గుల్ల తీసి వేళ్ల మధ్య పట్టుకుని చూసింది.

"ఇది నిరుడైతే జారిపోయేది సాల్హా. రింగు చిన్నదైంది."

"ఇనుము కుంచించుకుపోతుందా ఏంటే? నీ కళ్లు చూపించుకో" అన్నాను. అందరూ నవ్వారు. మర్నాడు మళ్లీ అదే మాట అంది, ఈసారి గట్టిగా. రింగును అనుమానించినామె ట్రక్కు ఎక్కకూడదన్నది ఉమ్మెజ్జీన్ కంటే ముందు నుంచీ ఉన్న కట్టుబాటు. ఆ మాట నా నోటితోనే అన్నాను. ఒక్క క్షణం నా కళ్లలోకి చూసి, ట్రక్కు మీంచి బుట్ట దింపుకుని, తడి బట్టలతో ఏడు కిలోమీటర్లు నడిచి వెళ్లింది. మర్నాడు రాలేదు. మళ్లీ రాలేదు.

దాని బుట్ట ఊగడం నాకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఆ రోజే ట్రక్కు ఆపమని ఉంటే సరిపోయేది. హమ్మాదీ రెండుసార్లు నా వైపు చూశాడు కూడా.

ఆగస్టు 15. 31.

రొట్టెల కోసం బస్టాండు వైపు వెళ్లలేదు. ఇంట్లోనే కాల్చుకున్నాను. ఎండ ఎక్కువగా ఉంది.

ఆగస్టు 21. 32.

రీమ్ మమ్మల్నందరినీ పిలిచింది. పెద్ద కాగితం పరిచింది. గుల్ల పిల్లల్ని తొట్టెల్లో పెంచారట, కందిగింజంత ఉన్నాయట. అక్టోబరులో ఏదో ఒక తీరంలో నాటి, ఆ ఊరి ఆడవాళ్లకే అప్పగిస్తారట. మాకే ఇస్తారని అందరం ఆశపడి కూర్చున్నాం. మన్నూబియా జుట్టుకు గోరింటాకు కూడా పెట్టుకొచ్చింది.

రీమ్ ముఖం దించుకుని చెప్పింది. "ఈ విత్తనం మీ తీరానికి రాదు పిన్నీ. తీరం వెంబడి పై ఊరికి వెళ్తుంది."

"మేమేం తప్పు చేశాం?" అంది మన్నూబియా.

"ఏమీ చెయ్యలేదు. అదే కష్టం. అక్కడ ఇష్టమొచ్చినట్టు చిన్నాపెద్దా ఏరేశారు, అందుకే పోయాయి. సరిగ్గా చూసుకుంటే మళ్లీ రావచ్చు. మీరు చివరి దాకా రింగు పెట్టి కొలిచారు. ఇంత జాగ్రత్తగా ఉన్నా పోయాయంటే ఇక్కడి నీళ్లే పనికిరావు. విత్తనం వేసినా దండగని మా పైవాళ్లు అంటున్నారు."

అందరూ నన్ను చూశారు. వాళ్ల చూపుల్లో కోపం లేదు, జాలి ఉంది. ఒకామె నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. నిప్పు పెట్టినట్టయింది.

ఇప్పుడు నేను నోరు విప్పకపోతే నా పరువు మిగులుతుంది, వీళ్ల తీరం పోతుంది. ఎంత తిప్పి చూసినా ఇంకో దారి కనపడలేదు. వెతకలేదని కాదు.

ఆగస్టు 22. 32.

రీమ్ కాగితాలు పంపడానికి ఇంకా రెండు వారాలుంది.

ఆగస్టు 23. 31.

ఇప్పుడు చెప్పినా విత్తనం ఇస్తారని నమ్మకమేముంది? ఇవ్వకపోతే పరువూ పోయె, తీరమూ పోయె.

ఆగస్టు 27. 31.

ఉమ్మెజ్జీన్ పెద్దమ్మ ఉంటే ఏమనేదో అని ఆలోచించాను. ఏమీ అనేది కాదు. చెయ్యి చాచేది, రింగు ఇచ్చెయ్యమని.

ఆగస్టు 30. 31.

రెండు రింగులూ కొంగున కట్టుకుని జాజియా ఇంటికి వెళ్లాను. ఫ్యాక్టరీ నుంచి నాలుగింటికి వస్తుంది. నేను మూడింటికే చేరాను. ఊరంతా తలుపులేసుకుని నిద్రపోతోంది, గోడల నీడ కూడా కాలుతోంది. దాని గుమ్మం మీద కూర్చున్నాను.

ఆ గుమ్మానికి సిమెంటులో వరసగా గుల్లలు పొదిగి ఉన్నాయి. మా మొదటి రోజు ఏరినవి. దాచుకోవాలని దాని నాన్న దగ్గర పట్టుబట్టి పెట్టించుకుంది. కొత్త రింగు తీసి ఒక్కోదాని మీద పెట్టి చూశాను. ఒక్కదానికీ పట్టలేదు, పైనే ఆగిపోయింది. పాతది తీశాను. అదీ పట్టలేదు. అప్పటి గుల్లలు అంత పెద్దవి. మా చిన్నతనంలో రింగు అవసరమే పెద్దగా పడేది కాదన్న సంగతి నాకు గుర్తే లేదు.

జాజియా వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎవరైనా పోయారా?" అంది.

"లేదు."

"మరెందుకొచ్చావ్?"

రెండు రింగులూ గుమ్మం మీద పెట్టాను. వంగి చూసింది గానీ ముట్టుకోలేదు.

"చిన్నది మెరుస్తోందే. మూడేళ్లవుతున్నా తుప్పు పట్టలేదు."

"నూనె రాస్తున్నాను."

"దీనికి నూనె కూడానా" అంది. నవ్వుతుందేమోననుకున్నాను. నవ్వలేదు.

"జాజియా, తప్పు నాది. నీ కళ్లకేం కాలేదు."

"నా కళ్లకేం కాలేదని నాకు తెలియదా? ఈ మాట వినడానికి నాకు నువ్వు కావాలా?" దాని గొంతు లేవలేదు, అదే నాకు కష్టమైంది. "నన్ను దింపింది ఈ గుమ్మంలో కాదు. ట్రక్కు దగ్గర, ముప్పై మంది నవ్వుతుంటే. ఇక్కడ ఎవరూ లేని వేళ చూసి వచ్చావు. ఇప్పుడు కూడా దొంగతనంగానే."

"అక్కడే చెప్తాను."

"చెప్పు. చెప్పాక రా. అప్పుడు మంచినీళ్లిస్తాను."

నేను నీళ్లు అడగలేదు. నాలుక పిడచకట్టిపోవడం అది చూసింది. తలుపు నా ముఖాన వెయ్యలేదు, నెమ్మదిగా వేసుకుంది. ఏడ్చుకుంటూ వచ్చాను. ఏడవడానికి నాకు హక్కు లేదని తెలుసు, అయినా ఏడ్చాను.

సెప్టెంబరు 3. 30.

రీమ్‌తో తీరం దగ్గర ఆఖరి మాటలకని హమ్మాదీ ట్రక్కు వచ్చింది. అందరూ ఎక్కేశారు. నేను కింద నిలబడ్డాను. జాజియాకి కబురు పంపాను. వచ్చింది, దూరంగా గోడ దగ్గర నిలబడింది, పని బట్టల్లోనే.

"నేను రింగు మార్చాను" అన్నాను. ఇంజను మోతలో వినపడలేదు, మళ్లీ అన్నాను. "గాబెస్‌లో చిన్నది చేయించాను. రెండేళ్లు దానితోనే కొలిచాను. గుడ్లు పెట్టని పిల్లల్నన్నింటినీ మీ బుట్టల్లో పోయించాను. జాజియా చెప్పింది నిజం. తెలిసీ దాన్ని దింపేశాను."

తిడతారనుకున్నాను. చెప్పు తీస్తారని కూడా అనుకున్నాను. మన్నూబియా పైనుంచి చెయ్యి చాచింది.

"ఎక్కు అక్కా. మాకు తెలుసులే."

"ఏం తెలుసు?"

"ఉమ్మెజ్జీన్ రింగుకి పక్కన నొక్కుండేది. నీ మెడలోది కొత్త ఇనుము, గుండ్రంగా మెరిసిపోతుండేది. మాకు మాత్రం కళ్లు లేవా?"

"మరి ఒక్కరూ అనలేదేం?"

మన్నూబియా జాజియా వైపు చూడలేక తన పాదాల వైపు చూసుకుంది. "బుట్ట నిండుతోంది కదా అక్కా."

ఇన్నాళ్లూ నా ఒక్కదాని గుండె మీద ఉందనుకున్న బరువు ముప్పై మందీ మోస్తున్నారట. పంచుకుంటే తగ్గాలి కదా. తగ్గలేదు. నేను రింగు మార్చకపోతే వాళ్లకు చూడనట్టు కూర్చోవాల్సిన పనే ఉండేది కాదు.

హమ్మాదీ ఇంజను ఆపేశాడు. జాజియా ముందుకొచ్చింది. నా కొంగులోంచి పాత రింగు విప్పి తన మెడలో వేసుకుంది. ఎవరినీ అడగలేదు. ట్రక్కు చివర చెక్క మీద కాలు పెట్టి ఎక్కి, తన పాత చోట కూర్చుంది. ఆ చోట కూర్చున్నామె జరిగి ఇచ్చింది. తర్వాత నా వైపు చూసి చెప్పింది, అందరికీ వినపడేలా.

"నువ్వు నడువు సాల్హా. ఈ రోజొక్కటే కాదు. ఈ రింగులో ఇరుక్కునే గుల్ల మన బురదలో ఒక్కటి దొరికే దాకా నువ్వు ట్రక్కు ఎక్కకు."

"ఎప్పటికీ దొరక్కపోతే?" అంది మన్నూబియా.

"ఎప్పటికీ నడుస్తుంది."

నడిచాను. నేను చేరేసరికి రెండు గంటలు పట్టింది. రీమ్‌కి వాళ్లప్పటికే చెప్పేశారు. అయినా నా నోటితో మళ్లీ చెప్పాను. ఆ పిల్లకి కోపమొచ్చింది. "పిన్నీ, నేను నీ మాట మీద ఎంత రాశానో తెలుసా?" అని కాగితాలన్నీ దగ్గరికి లాక్కుంది. తర్వాత కలం తీసి రాసినవి దిద్దడం మొదలుపెట్టింది.

"అయితే చంపింది నేనేనా?" అని అడిగాను. "సముద్రం కాదా?"

"సముద్రమూ చంపింది. నువ్వూ చంపావు."

"ఎంత నాది?"

తల అడ్డంగా ఊపింది. "ఆ లెక్క నేను తేల్చలేను పిన్నీ. ఎవరూ తేల్చలేరు."

తేలితే బాగుండేది. సగమో, పాతికో, నా భాగం నేను తెలుసుకుని మోసేదాన్ని.

సెప్టెంబరు 3, మళ్లీ.

తిరిగి నడిచి వస్తుంటే జాజియా తన గుమ్మంలో నిలబడి ఉంది. చెంబెడు మంచినీళ్లు ఇచ్చింది. తాగాను. చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సెప్టెంబరు 18. 29.

పై ఊరికే పెద్ద వాటా. మాకు ఒక చిన్న మడి ఇచ్చారు, పది అడుగులు బారు, పది వెడల్పు. ఒక్క ఏడు చూస్తారట. బతికితే ఇంకొంచెం ఇస్తారు. నీళ్లు ఇలాగే కాగితే ఏమీ చెయ్యలేమని రీమ్ ముందే చెప్పింది.

నడిచాను.

అక్టోబరు 9. 26.

ఈ నెలకి ఇంత వేడి ఎప్పుడూ లేదు. గుల్ల పిల్లల్ని నాటాం. కందిగింజలంతవి, అరచేతిలో పోస్తే పలకరించినట్టు కదిలాయి. జాజియా వెనకాలే నిలబడి చూసింది. "కళ్లు పైకి" అంది ఒకసారి. నేను తప్పు పెట్టలేదు, అయినా తీసి మళ్లీ పెట్టాను. పైన పీతలు రాకుండా వల కప్పాం.

నడిచాను.

అక్టోబరు 30. 24.

ముందు పేజీలు రీమ్ రేపు చింపి తీసుకెళ్తుంది. అన్ని రోజులూ ‘ఇతర విషయాలు’ గడి ఖాళీగానే ఉంది. జూలై 11 దగ్గర మాత్రం ఈ రోజు రాశాను: ఆ రోజు చూపించిన రింగు వేరు, కొలిచిన రింగు వేరు.

ఏప్రిల్ 22. 22.

రీమ్ కొత్త పుస్తకాలు ఇచ్చినా వెనక పేజీల కోసం ఇదే తీస్తున్నాను. మడిలో మూడో వంతు చచ్చాయి. మిగిలినవి ఎదుగుతున్నాయి, శనగ గింజ దాటాయి. పొద్దున ట్రక్కు నన్ను దాటి వెళ్లింది. మన్నూబియా చెయ్యి ఊపింది. జాజియా ఊపలేదు గానీ ముఖం తిప్పుకోలేదు.

పాటు తీశాక జాజియా మెడలోంచి రింగు తీసి నా చేతికిచ్చింది. "నువ్వే చూడు" అంది. అన్నింటికన్నా పెద్దగా కనిపించిన గుల్లను తీసి, కడిగి, రింగులో పెట్టాను. జారిపోయింది. కళ్లు పైకి పెట్టి నాటాను. రింగు తిరిగి ఇచ్చేశాను.

ఇంటికి నడిచాను.